గొంతూ చెయ్యీ

మందాకిని ఆ టోపీని తయారుచేయించింది పుర్రెకు చిల్లు పెట్టే పని తప్పించడానికే. అంతకుమించి ఆమె ఏమీ ఆశించలేదు.

విశాఖపట్నంలో ఒక పెద్ద ఆసుపత్రిలో ఆమె స్కానింగు విభాగం డాక్టరు. పక్షవాతం వచ్చినవాళ్ల మెదడు బొమ్మలు చూడడమే ఆమె పని. రక్తం అందక చచ్చిన భాగం ఒకటి రెండు రోజుల్లో నానిన శనగలా ఉబ్బుతుంది. చుట్టూ ఎముక గోడ, ఉబ్బిన మెదడుకు పోయే దారి లేదు. బాగున్న భాగాన్ని కూడా అది నొక్కడం మొదలుపెడుతుంది. ఆ ఒత్తిడి ఎంత ఉందో తెలియాలంటే పుర్రెకు రంధ్రం చేసి సన్నటి తీగ దించాలి. తీగ వెంట ఒక్కోసారి చీము వస్తుంది, ఒక్కోసారి నెత్తురు కారుతుంది. పైగా అది చెప్పేది తానున్న చోటు సంగతి ఒక్కటే. వీధిలో ఒక ఇంటి తలుపు తట్టి ఊరంతా కులాసా అనుకున్నట్టు ఉంటుంది వ్యవహారం.

ఇంజనీరు యూసుఫ్ ఆమెకు దొరకడం అదృష్టం. ఓడల అడుగున పగుళ్లను శబ్దతరంగాలతో పట్టుకునే పనిలో ఆరితేరినవాడు. కొబ్బరిచిప్పలో జున్నులాంటి ముద్ద పోసి, దాన్నే మెదడనుకుని ఇద్దరూ ప్రయోగాలు చేశారు. గుండె కొట్టుకున్నప్పుడల్లా మెదడు వెంట్రుకవాసి కదులుతుంది. బిగిసిన చోట తక్కువ, వదులుగా ఉన్న చోట ఎక్కువ. మెత్తటి టోపీలో కుట్టిన చిన్న చిన్న బిళ్లలు చెవికి వినపడని శబ్దాన్ని లోపలికి పంపి, ఆ కదలికను విని, తెర మీద రంగులు వేసేవి. నెమ్మదిగా ఉన్న చోట నీలం, నలుగుతున్న చోట ఎరుపు, ఆశ వదులుకోవలసిన చోట బూడిదరంగు.

రెండో సంగతి అనుకోకుండా బయటపడింది. ఒకనాడు యూసుఫ్ శబ్దం కాస్త పెంచి ఒకే వైపు తిప్పేసరికి, జున్నుముద్దలో ఆ పక్కన ఊరిన నీరు మెల్లగా జారిపోయింది. ఎరుపు నీలమైంది. ఇద్దరూ సంతోషపడబోయేంతలో, దాని పక్కనే ఉన్న నీలం ఎర్రబడింది.

"ఇది తూము లాంటిది మేడమ్," అన్నాడు యూసుఫ్. "ఒక మడిలోంచి నీళ్లు తీస్తే ఇంకో మడిలోకే పోతాయి. వాపు మాయమైపోదు."

అయినా అది చిన్న విషయం కాదు. ఎటూ దెబ్బతినబోతున్న మెదడులో కనీసం ఒక భాగాన్ని కాపాడుకోవచ్చు. ఏళ్ల తరబడి పరీక్షలు జరిగాక అనుమతికోసం కమిటీ ముందుకు వెళ్లారు. అక్కడున్న పెద్దాయన ఒకరు, పూర్వం జడ్జీగా చేసినవారు, అన్నీ విని ఒక్క ప్రశ్న వేశారు.

"ఏ మడిని ముంచాలో ఎవరు చెబుతారమ్మా?"

"రోగి తాలూకు కుటుంబం," అంది మందాకిని. ముందుగా అనుకున్న జవాబు అది. ఆయన ఇంకేదో అడగబోయి, టీ రావడంతో ఊరుకున్నారు.

ఇంటికి వచ్చి ఆ మాట మేనత్తతో చెప్పింది. వర్ధనమ్మ భూగోళం టీచరుగా చేసి రిటైరైంది. మేనకోడలికి తోడుగా ఉంటోంది. దొండకాయలు తరుగుతూ తలెత్తకుండా అంది: "కుటుంబం అంటే ఒక మనిషి కాదు కదే. అందరూ ఒకటే మాట చెబుతారా?"

"మామూలుగా మాట పడిపోకూడదనే అడుగుతారు అత్తా. అందులో పెద్దగా గొడవేం ఉంటుంది?"

"ఏమో. నువ్వు చదువుకున్నదానివి," అని వర్ధనమ్మ కత్తిపీట పక్కన పెట్టింది.

*

నూకరత్నాన్ని ఒక ఉదయం ఆసుపత్రికి తీసుకొచ్చారు. గాజువాక దగ్గర ఇల్లు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. భర్త సూరిబాబు పోర్టులో క్రేను నడుపుతాడు. రాత్రి డ్యూటీలో ఉన్నాడు. కూతురు కుసుమ తెల్లవారి లేచి చూసేసరికి తల్లి కుట్టుమిషను పక్కన నేల మీద పడి ఉంది. కుసుమకు పుట్టుకతో చెవుడు, మాట రాదు. పక్కింటివాళ్లను లేపి, తల్లిని చూపించి, వాళ్లు ఆటో పిలిచేసరికి ఆలస్యమైపోయింది. మెదడుకు పోయే నరంలో అడ్డుపడిన నెత్తురుగడ్డను తీసేసే సమయం ఎప్పుడో దాటిపోయింది.

మర్నాటికి వాపు మొదలైంది. ఆపరేషను చేసే డాక్టరు హరగోపాల్ స్కాన్ చూసి మందాకిని గదికి వచ్చాడు.

"ఎడమవైపు పుర్రె ఎముక కొంత తీసి చోటిస్తాను. ప్రాణానికి భయం లేదనుకుంటా. మిగతాది నీ టోపీ ఏం చెబుతుందో చూడు."

టోపీ పెట్టారు. తెర మీద బొమ్మ మెల్లగా తేరింది. మధ్యలో బూడిదరంగు మచ్చ. అది పోయిన భాగం, దాన్ని ఎవరూ తేలేరు. దాని అంచున ఎర్రగా, బతుకుకీ చావుకీ మధ్య కొట్టుమిట్టాడుతూ రెండు చోట్లున్నాయి. ఒకటి పెదవులనూ నాలుకనూ ఆడించి మాట పలికించేది. దాని పైనున్నది కుడిచేతి వేళ్లను కదిలించేది. ప్రస్తుతం రెండూ మూగబోయి ఉన్నాయి గానీ రెండూ బతికే ఉన్నాయి. ఎముక తీసినా వాపు ఇంకా పెరుగుతుంది, రెండిటికీ చోటు చాలదు.

యూసుఫ్ లెక్కలు రెండుసార్లు సరిచూశాడు. "ఏదో ఒకటి నిలుస్తుంది మేడమ్. ఏమీ చెయ్యకుండా వదిలేస్తే చాలావరకు రెండూ పోతాయి."

మందాకిని సూరిబాబును పిలిపించింది. డ్యూటీ బట్టల్లోనే ఉన్నాడు మనిషి. వెనకాలే కుసుమ వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. ఇరవై ఏళ్లుంటాయి. మాట్లాడేవాళ్ల పెదవులనే చూస్తోంది. మందాకిని ఆమెకు కనిపించేలా తిరిగి, నిదానంగా విషయం చెప్పింది. తూము సంగతీ చెప్పింది.

సూరిబాబు చాలాసేపు తన చేతులు చూసుకున్నాడు. "అయితే మాటైనా ఉంతాది, సెయ్యైనా ఉంతాది. అంతేనాండి?"

"అంతే."

"మరింక అడగడమేటి డాట్రమ్మా. మనిసికి మాట కదా ముందు. మాట ఉంచెయ్యండి."

మందాకినికి మనసులో కాస్త తేలికైంది. అదే అడుగుతారని ఆమె అనుకుంది. కానీ కుసుమ ముందుకు వచ్చింది. పెదవుల మీంచి ఎంత అర్థమైందో ఏమో, తల అడ్డంగా ఊపుతూ రెండు చేతులూ వేగంగా కదిలించింది. తండ్రి ఆ చేతులవైపు చూశాడు, తర్వాత డాక్టరువైపు చూశాడు.

"నాకు తెలవదండి అది సెప్పేది. అంతా దానమ్మే. అది సేతుల్తో సెప్తే మాయావిడ నాకు నోటితో సెప్తాది. నాను సెప్పింది దానికి సేతుల్తో సెప్తాది. నాను డ్యూటీల మీద తిరిగీవోణ్ణి, ఎప్పుడు నేర్సుకుంతాను?"

అప్పుడు గానీ మందాకినికి అర్థం కాలేదు. ఈ ఇంట్లో చెయ్యంటే కుట్టుపని ఒక్కటే కాదు. అదీ మాటే.

కుసుమ ఫోను తీసి తెలుగులో టైపు చేసి చూపించింది. "ఒక్క ఎడమచేత్తో అయితే అమ్మ మాట నాకు సగమే తెలుస్తుంది. సైగల భాషకు రెండు చేతులూ కావాలి."

మందాకిని అది పైకి చదివింది. సూరిబాబు మొహం ఎర్రబడింది. "అలాగని జీవితమంతా అది మూగదయిపోవాలా? సుట్టాల్తో మాటాడొద్దా? నాతో మాటాడొద్దా?"

కూతురికి అతని మాటలు వినబడకపోయినా మొహం చదువుకుంది. మళ్లీ టైపు చేసింది. ఈసారి చాలాసేపు పట్టింది. మందాకిని ఫోను తీసుకుని అదీ పైకి చదివింది.

"నాన్నకు అమ్మ గొంతు కావాలి. నాకు అమ్మ చెయ్యి కావాలి. అమ్మకు ఏం కావాలో ఎవరైనా అడిగారా?"

అడగడం ఎలా? నూకరత్నం సగం మగతలో ఉంది. నోట మాట లేదు. అలాంటి మనిషిని అడిగినా ఆమెకు ఏం తెలుస్తుందని ఏ డాక్టరైనా అంటాడు. మందాకిని కూడా అదే అనబోయి తెరవైపు తిరిగింది. వినేదాన్నీ చూసేదాన్నీ అర్థం చేసుకునే భాగం మచ్చకు వెనకాల, కాస్త దూరంగా ఉంది. దాన్ని ఇంతవరకూ ఆమె పట్టించుకోలేదు, దానికి ప్రమాదం లేదు కాబట్టి. అది నిండు నీలంగా ఉంది.

"యూసుఫ్, ఆ వెనక భాగం పెద్దది చేసి చూపించు."

చేశాడు. మచ్చుకైనా ఎరుపు లేదు.

"ఆవిడకు అర్థమవుతోంది," అంది మందాకిని. "పలకలేకపోతోంది, అంతే. అడుగుదాం."

*

కుసుమ మంచం ఎడమపక్కన మోకాళ్ల మీద కూర్చుని తల్లి చెంప తట్టింది. నూకరత్నం కళ్లు తెరిచింది. ముందు చిన్నవి అడగమంది మందాకిని. కళ్లు మూసుకోమంటే మూసుకుంది. నాన్న ఎవరని కూతురు సైగ చేస్తే ఎడమచెయ్యి మెల్లగా లేచి మంచం కాళ్లవైపు నిలబడిన సూరిబాబును చూపించింది. అతను కండువాతో మొహం తుడుచుకున్నాడు.

అప్పుడు కుసుమ అసలు సంగతి చెప్పింది. నోటిని చూపించింది, కుడిచేతిని చూపించింది, ఒకటే అని వేలు ఎత్తింది. ఇంకా ఏమేమో చెప్పింది. మధ్యలో ఒకసారి ఆగి కళ్లు తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టింది. నూకరత్నం కూతుర్ని చూసింది. చాలాసేపు భర్తను చూసింది. ఎడమచెయ్యి దుప్పటి మీదుగా పాకి, కదలకుండా పడి ఉన్న కుడిచేతి మణికట్టును పట్టుకుంది.

"ఇంకోసారి అడుగు. ఈసారి చెయ్యి ముందు, నోరు తర్వాత," అంది మందాకిని, పెదవులు స్పష్టంగా కదిలిస్తూ.

వరస మార్చి అడిగింది కుసుమ. మణికట్టు మీద పట్టు ఇంకాస్త బిగిసింది. మూడోసారి అడగబోయేసరికి ఆమె మళ్లీ మగతలోకి జారిపోయింది.

సూరిబాబు బయటికి వెళ్లిపోయాడు. వరండాలో నీళ్ల కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. తిరిగొచ్చేసరికి తలంతా తడి. "అది సెప్పినట్టే సెయ్యండి," అన్నాడు.

హరగోపాల్ ఎముక తీశాడు. ఆయన పని ముగిశాక మందాకిని పని మొదలైంది. చేతిని ఆడించే చోటి నుంచి వాపు నీటిని కిందికి మళ్లించాలి. ఆమె శబ్దం తిప్పేకొద్దీ పైన ఎరుపు విరిగి ఊదారంగుకు, తర్వాత లేతనీలానికి వచ్చింది. కింద, మాట పలికించే చోట, ఎరుపు ముదిరింది. స్కాన్లలో పోయిన భాగాలను ఆమె వేలల్లో చూసింది. అవన్నీ తను చూడకముందే పోయినవి. ఇది ఆమె చేతి కింద పోతోంది. ఎరుపు మీద అక్కడక్కడా బూడిదరంగు చుక్కలు పడ్డాయి, చుక్కలు కలిసిపోయాయి.

"మీరు కాసేపు పక్కకు రండి మేడమ్, నేను చూస్తాను," అన్నాడు యూసుఫ్.

"వద్దు," అంది మందాకిని. "చేస్తున్నదాన్ని నేను. చూడనీ."

ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని కలపకుండా ఉండిపోయింది. వర్ధనమ్మ అడిగీ అడగకుండానే అంతా చెప్పింది.

"నువ్వేం చెయ్యకపోతే ఏమయ్యేది?" అంది మేనత్త.

"రెండూ పోయేవి. నూటికి తొంభైపాళ్లు."

"పోతే ఎవరిని అనేవాళ్లు?"

"ఎవర్నీ అనేవాళ్లు కాదు. రాత ఇంతే అనుకునేవాళ్లు."

"అదీ సంగతి. ఇన్నాళ్లూ రాత మీద వేసేసి భోంచేసేవారు డాక్టర్లు. ఆ సుఖం నువ్వు పోగొట్టావు," అని వర్ధనమ్మ పప్పులో నెయ్యి వేసింది. "తిను. రేపు మళ్లీ వెళ్లాలి కదా."

*

నూకరత్నం కోలుకుంది. ఎముక తిరిగి అమర్చారు. జుట్టు పెరిగింది. చెయ్యి ముందు బొటనవేలితో మొదలై ఒక్కో వేలే వెనక్కి వచ్చింది. గొంతు రాలేదు. నోరు తెరిస్తే ఒక ఊపిరి శబ్దం వచ్చేది, అంతే.

వానలు తగ్గాక ముగ్గురూ చూపించుకోవడానికి వచ్చారు. మందాకిని చేతి పట్టు చూసింది, నడక చూసింది. నూకరత్నం ఆమెవైపు తిరిగి చేతులతో ఏదో చెప్పింది. కుడిచెయ్యి కాస్త వెనకబడుతోంది గానీ రెండూ కలిసే కదులుతున్నాయి. మందాకిని అలవాటుగా కుసుమ ఫోనుకోసం చూసింది. కానీ మాట్లాడింది సూరిబాబు.

"సూదిలోకి దారం ఎక్కించగలుగుతున్నానంతందండి. కత్తెర మాత్రం ఇంకా జారుతాదంట."

మందాకిని ఆశ్చర్యపోయింది. "మీరు నేర్చుకున్నారా?"

"మరేటి సేస్తానండి. ఇంట్లో ఇద్దరూ సేతుల్తోనే మాటాడితే నానొక్కణ్ణీ గోడకి సెప్పుకోవాలి." కూతురివైపు తల ఊపాడు. "ఇదే నేర్పింది. తప్పు సేస్తే ఏళ్ల మీద కొడతాదండి, పంతులమ్మలాగ."

కుసుమ తండ్రి మొహం చూసి సంగతి పసిగట్టి నవ్వింది. తల్లి మాత్రం నవ్వలేదు. మళ్లీ చేతులు ఎత్తింది. ఈసారి నిదానంగా, ఒక్కో సైగకు ఆగుతూ చెప్పింది.

"ఏమంటున్నారు?" అంది మందాకిని.

"ఆసుపత్రికి వొచ్చినకాడి నుంచి ఎముక తీసిందాకా దానికేటీ గుర్తు లేదంటండి." అతను గొంతు సవరించుకున్నాడు. "వార్డులో నర్సమ్మ సెప్పిందంట, ఈ మిషను ఒకటి ఉంచి ఒకటి తీసేస్తాదని. నా గొంతు తీసెయ్యమని ఎవరు సెప్పేరు, అని అడుగుతంది."

మందాకినికి కమిటీలో చెప్పిన జవాబు పనికిరాలేదు. మగతలోంచి లేచి, రెండుసార్లు, తన మణికట్టును తానే పట్టుకున్న మనిషి ఎదురుగా కూర్చుని అడుగుతోంది. నిజం చెప్పడం తన ధర్మం. "నూకరత్నంగారూ, ఆ రోజు మేము..." అని మొదలుపెట్టింది.

"నానే," అన్నాడు సూరిబాబు.

నోటితో అంటూనే బొటనవేలు గుండెల మీద ఆనించి చేత్తోనూ చెప్పాడు, కూతురికి తెలిసేలా. "నానే సెప్పేను. అమ్మాయికి నీ సెయ్యి కావాలని సెయ్యి ఉంచమన్నాను. డాట్రమ్మగారు అడిగితే నానే సెప్పేను."

కుసుమ ఉలిక్కిపడి తండ్రిని చూసింది. తర్వాత డాక్టరును చూసింది. ఆమె చేతులు ఒకసారి పైకి లేవబోయాయి. తండ్రి ఆమెవైపు చూస్తూనే ఉన్నాడు. ఆ చేతులు ఒడిలోకి దిగి ఒకదాన్నొకటి పట్టుకుని ఉండిపోయాయి.

నూకరత్నం భర్తవైపు పూర్తిగా తిరిగి కూర్చుంది. తర్వాత ఆమె చేతులు ఊరుకోలేదు. ఎడమచెయ్యి ముందు, కుడిచెయ్యి వెనక, గాలిని తరుగుతున్నట్టు కదిలాయి. కళ్లనిండా నీళ్లు, నుదుటి మీద చెమట. ఆమె గొంతులోంచి ఊపిరి మాత్రం వస్తోంది. సూరిబాబు తల వంచుకోలేదు. వంచుకుంటే ఆమె చెప్పేది కనబడదు. రెప్ప వెయ్యకుండా ఆ చేతులనే చూస్తూ, మధ్యమధ్య అవునని తల ఊపాడు.

ఆమె అలిసిపోయి ఆగాక, "ఏమన్నారు?" అని అడిగింది మందాకిని మెల్లగా.

"మీకు సెప్పీ మాటలు కాదులెండి," అన్నాడు.

తల్లీ కూతుళ్లు బయటికి నడిచాక మందుల చీటీకోసం అతనొక్కడూ ఆగాడు. మందాకిని రాస్తూ రాస్తూ కలం ఆపింది.

"ఎందుకలా చెప్పారు? ఆవిడ తనకు తానే ఎంచుకుంది. అది మంచి ఎంపికే. చెప్పినా తప్పేం లేదు."

"ఉప్పుడు మంచిదేనండి. ఇంకో పదేళ్లకి దానికి గొంతు గుర్తొచ్చినప్పుడో? ఎవరింట్లోనైనా పెళ్లిపాట పాడుతుంటే తన నోరు కదలనప్పుడో? తనే వొదులుకున్నానని తెలిస్తే తన్ను తానే తిట్టుకుంతాది. అప్పుడు ఆపీవోడు ఎవడు? నన్ను తిట్టిందనుకోండి, ఎదురుగుండా ఉంతాను, పడతాను. కాసేపటికి సల్లారుతాది."

"కానీ నిజం..."

"నిజం మీకాడ ఉంది కదండి. ఉండనివ్వండి." అతను చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి అన్నాడు: "మొదట్లో అది ఏటంతందో సగం తెలిసీది కాదు నాకు. ఈరోజు ఒక్క మాట పోలేదండి. అన్నీ అర్థమయ్యాయి."

అతను వెళ్లాక యూసుఫ్ లోపలికి వచ్చాడు. కింద వార్డులో ఇంకో రోగి ఉన్నాడు. ఒక భాగం నడకది, ఒకటి మనుషుల ముఖాలు పోల్చుకునేది. కొడుకులిద్దరూ చెరో మాట అంటున్నారు. ఎవరి మాట వినాలో చెప్పమన్నాడు.

"ముందు ఆయనకు అర్థమవుతోందేమో చూద్దాం," అంది మందాకిని లేస్తూ. "అవుతుంటే ఆయన్నే అడుగుదాం."

"తర్వాత ఆయన మర్చిపోయి, ఎవరు చెప్పారని మనల్ని అడిగితే?"

మందాకిని కిటికీ దగ్గర ఆగింది. కింద బస్టాపు కనిపిస్తోంది. నూకరత్నం కోపం ఇంకా తీరలేదు. నిలబడి మళ్లీ మొదలుపెట్టింది. సూరిబాబు సంచీ కింద పెట్టి, రెండు చేతులూ ఖాళీ చేసుకుని, నత్తి నత్తిగా బదులిస్తున్నాడు. ఒకచోట తప్పు చేసినట్టున్నాడు. నూకరత్నం తిట్టడం ఆపి, అతని వేళ్లు పట్టుకుని సరిచేసి, మళ్లీ తిట్టడం సాగించింది.